చేతి బీపీ వేరు, ఊపిరితిత్తుల బీపీ వేరు

మేము తమిళ బడిలో చదివినవాళ్లం, తెలుగు రాయడం రైల్వేలో చేరాక నేర్చుకున్నాం. తప్పులుంటే మన్నించండి.

మన సంఘం వైద్య శిబిరంలో షుగరు, బీపీ చూస్తాం. మంచి పనే. కానీ మా వదినకు ఆ బీపీ ఎప్పుడూ బాగానే ఉండేది. డిసెంబరులో బెంగళూరు చలికి ఆమె వేళ్లు సున్నంలా తెల్లబడి, తర్వాత నీలమయ్యేవి. చర్మం బిగుసుకుంది. స్క్లెరోడెర్మా అన్నారు. చర్మం జబ్బేలే అనుకున్నాం. మెట్ల మధ్యలో ఆయాసంతో ఆగిపోతే "వయసైంది కదా వదినా" అన్నది మేమే. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాం.

ఇది చర్మంతో ఆగే జబ్బు కాదు. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే నాళాలు సన్నబడి, అక్కడ ఒత్తిడి పెరిగి, గుండె కుడివైపు అలిసిపోవచ్చు. దీన్ని పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. స్క్లెరోడెర్మా ఉన్న పదిమందిలో సుమారు ఒకరికి వస్తుంది. చేతికి పట్టీ చుట్టి చూస్తే తెలియదు. ఎకోలో అనుమానం తెలుస్తుంది, గుండె కుడివైపుకు సన్నని గొట్టం పంపి కొలిస్తేనే ఖాయమవుతుంది. సగటు ఒత్తిడి మునుపు 25 ఉంటే జబ్బు అనేవారు. 2022 నాటి యూరప్ వైద్య మార్గదర్శకాల్లో 20 దాటితేనే ఎక్కువ అన్నారు. అంటే తొందరగా పట్టుకోవాలనే.

అందుకే మేము చెప్పేది ఒక్కటే. స్క్లెరోడెర్మా ఉన్నవారు ఆయాసం వచ్చేదాకా ఆగకండి. ఏడాదికోసారి ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష గురించి డాక్టరును అడగండి. మన ఊళ్లో జయదేవ లాంటి ప్రభుత్వ గుండె ఆసుపత్రి ఉంది.

మందులున్నాయి. జబ్బు పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. చీటీలో సిల్డెనఫిల్ పేరు చూసి మందుల షాపు కుర్రాడు నవ్వితే, మా అన్న కొనకుండానే తిరిగొచ్చాడు. అది ఊపిరితిత్తుల నాళాలను వదులు చేసే మందు కూడా. సిగ్గెందుకు? గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి, రెండూ కలిస్తే ప్రమాదం.

కమిటీ వారికి మా మనవి: వచ్చే శిబిరంలో "చలికి మీ వేళ్లు తెల్లబడతాయా, చర్మం బిగుస్తోందా?" అని కూడా అడుగుదాం. వేళ్లు తెల్లబడిన వారందరికీ ఈ జబ్బు ఉండదు. రెండూ ఉన్నవారిని రుమటాలజిస్టు దగ్గరికి పంపుదాం.

వదిన ఇప్పుడు మందుల మీద ఉంది, మెట్లు నెమ్మదిగా ఎక్కుతోంది. బండి వెళ్లిపోయాక టిక్కెట్టు ఇచ్చి లాభం లేదని మాకు తెలుసు. ఇంకో ఇంట్లో అలా కాకూడదు.