ఘంటసాలని చావింటి దగ్గరే వదిలేశాం

పోయిన కళాకారుల గురించి మనకి నోటికొచ్చిన మాట ఒకటుంది: "ఆయనకి మరణం లేదు." ఘంటసాల విషయంలో ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. చివరి రోజుల్లో పాడిన భగవద్గీత రికార్డు ఆ తర్వాత బయటికొచ్చింది. క్రమంగా ఆయన్ని చావింటి మనిషిని చేసేశాం.

మా అనంతపురం పల్లెల్లో మైకులో ఆ గొంతు వినబడితే, చేన్లో ఉన్నవాళ్లు ఏ శ్లోకమని అడగరు. "ఎవురు పోయినారప్పా?" అంటారు. వేరుశనగ ఎండిపోయిన ఏళ్లలో ఆ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో. ఇప్పుడు బెంగళూరు ఫ్లాట్‌లో పొద్దున్నే గీత పెడితే మా అమ్మ "ఆపు నాయనా, అపశకునం" అంటుంది.

"ఆ రికార్డే లేకపోతే ఈ తరానికి ఆయన తెలిసేవాడా?" అంటారు కొందరు. తెలుసు, నిజమే. అంబులెన్స్ సైరన్ కూడా అందరికీ తెలుసు. దాన్ని సంగీతంలా ఎవరూ వినరు.

ఈ అలవాటు కింద నలిగిపోయింది సంగీత దర్శకుడు ఘంటసాల. 'పాతాళభైరవి' (1951) సంగీతం ఆయనది. 'మాయాబజార్' (1957)కి సాలూరు రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే, మిగతాదంతా మోసింది ఆయనే. ఆ రెండూ తీసిన కె.వి.రెడ్డి మా తాడిపత్రి మనిషి. అయినా మా జిల్లాలోనే ఆ ప్రేమ, ఆ హాస్యం "పాత పాటలు" అనే మూటలో పేరు లేకుండా పడున్నాయి. గొంతు మాత్రం వైకుంఠ రథం మీద తిరుగుతోంది.

పోనీ గీతకైనా న్యాయం చేశామా? విల్లు పడేసి కూలబడ్డ అర్జునుడికి, అంటే బతికున్న మనిషికి, లేచి నిలబడమని చెప్పిన మాట అది. దాన్ని ఇక లేవలేని మనిషి తల దగ్గర పెడుతున్నాం. అప్పులతో కుంగిపోయినవాడు బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఆ రికార్డు ఎవరూ పెట్టరు.

చావింట్లో గీత వద్దనడం లేదు. ఏడ్చేవాళ్లకి అది ఊరటనిస్తే ఇవ్వనీండి. కానీ పోయినవాళ్ల కీర్తి తగ్గిపోవడం ఒక్కటే ప్రమాదం కాదు, ఒకే పనికి బిగుసుకుపోవడం కూడా ప్రమాదమే. 2020లో పోయిన బాలుని ఇంకా పెళ్లిలో, బస్సులో, గుడిలో, అన్నిచోట్లా వింటున్నాం. యాభై ఏళ్లు పోతే ఆయన్ని ఏ ఒక్క మూలకి తోస్తామో?

ఫిబ్రవరి 11న ఫొటోకి దండ వేసేవాళ్లకి ఒక్క మాట. ఈసారి గీత పక్కనపెట్టి 'మాయాబజార్' పాటలు పెట్టండి. సంగీతం ఎవరిదో పిల్లలకి చెప్పండి.