పసరు పూసే ముందు ఒక్క మాట

కిందటేడు సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పెద్దమ్మ కాళ్లకి పసుపు రాసుకుంటుంటే మడమ కింద నల్లటి మచ్చ కనిపించింది. రూపాయి బిళ్లంత ఉంది. అంచులు వంకరటింకరగా ఉన్నాయి. "ఇదేంటి పెద్దమ్మా?" అనడిగితే, "ఏం లేదే, ఆనెకాయ. జిల్లేడు పాలు రాస్తున్నాగా! ఓసారి పొక్కి ఊడిపోయింది, మళ్లీ వచ్చింది. మళ్లీ రాస్తున్నా" అంది తేలిగ్గా. అలా ఎనిమిది నెలలట! బలవంతాన పట్నం తీసుకెళ్లాం. డాక్టరుగారు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే మెలనోమా అని తేలింది. చర్మ క్యాన్సర్లలో అది మహా మొండిది.

"అది తెల్లవాళ్లకి వచ్చే జబ్బు కదా?" అంటారు చాలామంది. నిజమే, మన ఒంటి రంగు మనకి ఎండ నుంచి గొడుగు పడుతుంది. అందుకే మనలో చర్మ క్యాన్సర్లు తక్కువ. కానీ మనలాంటివాళ్లకి మెలనోమా వస్తే అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద ఎక్కువగా వస్తుంది. ఎండతో పని లేని చోట్లన్నమాట. మనం చూసుకోని చోట్లు కూడా అవే.

మరి మొక్కల్లో మందు లేదా? ఎందుకు లేదూ! మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్ని ఇప్పటికీ కాపాడుతోంది. చర్మ క్యాన్సర్ విషయంలోనూ మొక్కల కథలున్నాయి. ఓ రెండు చెబుతా.

ఆస్ట్రేలియాలో పెరళ్లలో మొలిచే ఓ కలుపుమొక్క ఉంది. మన రెడ్డివారి నానబాలుకి దగ్గరి చుట్టం. తుంచితే తెల్లటి పాలు కారతాయి. అక్కడివాళ్లు ఎండకి చర్మం మీద లేచే గరుకు మచ్చలకి ఆ పాలు పూసేవారు. శాస్త్రవేత్తలు అందులోంచి ఇంజెనాల్ మెబ్యుటేట్ అనే పదార్థాన్ని తీశారు. క్యాన్సర్‌గా మారే అవకాశమున్న ఆ మచ్చల మీద రెండు మూడు రోజులు పూసే జెల్‌గా 2012 జనవరిలో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. నాటువైద్యం గెలిచిందని అందరూ చప్పట్లు కొట్టారు. కానీ వాడినవాళ్లని మూడేళ్లపాటు గమనిస్తే తేలిందేమిటంటే, ఇంకో క్రీము వాడినవాళ్లలో నూటికి 0.4 మందికి చర్మ క్యాన్సర్ వస్తే, ఈ జెల్ వాడినవాళ్లలో 3.3 మందికి వచ్చింది. 2020లో యూరప్‌లో దాన్ని ఆపేశారు. క్యాన్సర్ రాకుండా వాడిన మందే క్యాన్సర్ తెస్తుందేమోనన్న అనుమానం! మూడేళ్లు లెక్కపెట్టి చూశారు కాబట్టి తెలిసింది. పెరట్లో పూసుకునేవాళ్ల లెక్క ఎవరు రాశారు?

రెండో కథ గొర్రెలది. అమెరికాలోని ఐడహోలో ఒకప్పుడు ఒంటికన్ను గొర్రెపిల్లలు పుట్టేవి. కాపర్లు హడలిపోయారు. ఏళ్ల తరబడి వెతికితే, చూలు గొర్రెలు కొండల్లో మేసిన ఓ మొక్క దోషమని తేలింది. అందులోని విషానికి సైక్లోపమైన్ అని పేరు పెట్టారు. పిండం పెరగడానికి కావలసిన ఓ సంకేతాన్ని అది ఆపేస్తోంది. బేసల్ సెల్ అనే చర్మ క్యాన్సర్ పెరిగేది కూడా ఆ సంకేతంతోనే! ఆ దారి పట్టుకుని ప్రయోగశాలలో తయారుచేసిన విస్మోడెగిబ్ మాత్రకి కూడా 2012 జనవరిలోనే అనుమతి వచ్చింది. కోతకి లొంగనంత ముదిరిన కేసుల్లో వాడతారు. గర్భిణులు మాత్రం ముట్టుకోకూడదు. ఎందుకో గొర్రెల్ని అడిగితే చెబుతాయి.

"మరి పసుపో?" అంటారా? గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాలని పసుపులోని కర్క్యుమిన్ చంపుతుంది, నిజమే. కానీ మనం తిన్న కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది బహు తక్కువ. చేరినదాన్నీ కాలేయం వెంటనే మార్చేసి బయటికి పంపేస్తుంది. పళ్లెంలో గెలిచిన మందులన్నీ ఒంట్లో గెలవవు.

ఇక మా పెద్దమ్మ సంగతి. జిల్లేడు పాలు, నల్లజీడి రసం లాంటివి పైచర్మాన్ని కాలుస్తాయి. పొక్కు ఊడితే తగ్గిందనుకుంటాం. అడుగున వేరు అలాగే ఉంటుంది. అమెరికాలో బ్లడ్‌రూట్ అనే మొక్కతో చేసే నల్ల లేపనం పూసుకున్నవాళ్లదీ ఇదే అనుభవం: పైన మానిన మచ్చ, లోపల పాకుతున్న క్యాన్సర్. "మొదట్లోనే వస్తే చిన్న కోతతో పోయేదమ్మా" అన్నారు డాక్టరుగారు. ఇప్పుడు మడమలో సగం తీసేశారు, గజ్జల్లో బిళ్లలూ తీశారు.

అందుకని ఈ ఆదివారం తలంటు పోసుకున్నాక ఇంట్లో పెద్దవాళ్ల అరికాళ్లు, గోళ్లు ఒకసారి చూడండి. మచ్చ పెరుగుతున్నా, రంగులు కలగలిసినా, అంచు చెదిరినా, రక్తం కారినా, గోరులో నల్లటి చార వెడల్పవుతున్నా ఏ పసరూ పూయకుండా చర్మవైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

పెద్దమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. పండక్కి కాళ్లకి పసుపు మాత్రం మానలేదు. రాసే ముందు అరికాలు తిప్పి నాకు చూపిస్తోంది, అంతే.