మెనూలో పొలం పేరు ఉంది, కూలీ పేరేది?

‘పొలం నుంచి పళ్లెంలోకి’ అని బోర్డు పెట్టుకున్న హోటళ్లు మనకు ఒక మాట ఇస్తాయి: మీరు తినేది ఎక్కడ పండిందో, ఎవరు పండించారో చెబుతామని. 1971లో అమెరికాలోని బర్క్‌లీలో ఆలిస్ వాటర్స్ ‘షే పనీస్’ తెరిచాక పేరు తెచ్చుకున్న ఈ పద్ధతి ఇప్పుడు మన దేశంలో నగర శివార్ల దాకా వచ్చింది. అయితే ఇక్కడ ఆ మాట నిలబెట్టుకోవాలంటే కులం గురించి మాట్లాడాల్సిందే. భూమి ఎవరిది? పొలంలో వంగిన నడుము ఎవరిది? వండే చెయ్యి ఎవరిది? కూర్చుని తినేది ఎవరు? ఈ నాలుగు ప్రశ్నల్లో కులంతో పని లేకుండా జవాబు చెప్పగలిగేది ఒక్కటీ లేదు.

దసరా సెలవులకు జంషెడ్‌పూర్‌లో సిద్ధగోరాలో ఉండే మా పిన్ని వాళ్లింటికి వెళ్లాను. టాటా ఉక్కు కర్మాగారం కోసం శ్రీకాకుళం వైపు నుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో మూడు నాలుగు తరాలుగా ఉన్నాయి. ఊరు అంటున్నాను గానీ 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టకముందు ఇది సాక్చి అనే పల్లె. 1912లో ఉక్కు తయారైన నేల అంతకుముందు ఆదివాసుల పొలాలూ అడవీ. కాబట్టి ఇక్కడ ‘పొలం’ అనే మాట అమాయకమైనది కాదు.

ఊరి బయట అలాంటి హోటల్‌కే పిన్నినీ బాబాయినీ తీసుకెళ్లాను. మట్టి గోడలు, వాటి మీద సొహ్రాయ్ ముగ్గులు, సాల్ ఆకుల విస్తళ్లు. మెనూలో మడువా రొట్టె, పుట్కల్ చట్నీ, కుద్రుం పచ్చడి. ప్రతి వంటకం కింద ఫామ్ పేరు, దాని విస్తీర్ణం, యజమాని నగర ఉద్యోగం వదిలి నేలకు తిరిగొచ్చిన కథ. ఆ పొలంలో ఎంతమంది పని చేస్తారు, రోజుకు ఎంత కూలి అని వడ్డించే అబ్బాయిని అడిగాను. ‘అవన్నీ మాలిక్‌కే తెలుసు సార్’ అన్నాడు. వంట చేసేది పక్క ఊరి సంతాల్ ఆడవాళ్లని మాత్రం చెప్పాడు. వాళ్ల పేర్లు మెనూలో లేవు. గోడ మీది ముగ్గు ఎవరు వేశారో కూడా లేదు. విత్తనం దేశవాళీదని రాసినవాళ్లు, ఆ విత్తనాన్ని ఇన్ని తరాలు కాపాడింది ఎవరో రాయలేదు.

మడువా అంటే మన రాగులు, ఉత్తరాంధ్రలో చోళ్లు. కుద్రుం అంటే గోంగూర కుటుంబమే. రొట్టె ధర చూసి పిన్ని అంది: ‘చోడి అంబలి తాగి బడికెళ్తే మూతి వాసన చూసి నవ్వీవోరు బాబూ. ఇప్పుడు ఇంత డబ్బెట్టి తింటన్నారేటి?’ ఇది వెటకారం కాదు, చరిత్ర. 2013 ఆహార భద్రత చట్టం బియ్యం కిలో మూడు రూపాయలు, గోధుమలు రెండు, ‘ముతక ధాన్యాలు’ ఒక రూపాయి అని రాసింది. 2018లో ప్రభుత్వమే ఆ ముతక ధాన్యాలకు ‘పోషక ధాన్యాలు’ అని పేరు మార్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. గింజ మారలేదు, తినేవాళ్లు మారారు. తినేవాళ్లు మారగానే గింజకు గౌరవం వచ్చింది. ఆ గౌరవం పాత తినేవాళ్ల దగ్గరికి మాత్రం వెనక్కి రాలేదు.

ఇదే రాష్ట్రంలో సిమ్డేగా జిల్లాలో 2017 సెప్టెంబరులో పదకొండేళ్ల పాప చనిపోయింది. ఆధార్‌తో ముడిపడలేదని వాళ్ల రేషన్ కార్డు కొట్టేశారు, ఆకలితోనే పోయిందని తల్లి చెప్పింది. ప్రభుత్వం మలేరియా అంది. జార్ఖండ్ తిండి గురించి రాసే ఏ మెనూ అయినా ఈ నేల మీదే అచ్చవుతోంది.

కొందరు మిత్రులు అడుగుతారు: గిరాకీ పెరిగితే రైతుకు మంచిదే కదా? ఏ రైతుకు అన్నది అసలు ప్రశ్న. 2011 లెక్కల ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు విస్తీర్ణంలో వాళ్ల చేతిలో ఉన్నది 9 శాతం లోపే. పంటకు ధర పెరిగితే లాభం ముందుగా పట్టాదారుకు చేరుతుంది. కూలికి చేరాలంటే కూలి రేటు పెరగాలి. ఆ రేటు మెనూలో ఎప్పుడూ కనపడదు. సాక్చి మార్కెట్ దగ్గర నేల మీద కూర్చుని ఆకుకూరలు అమ్మే ఆదివాసీ స్త్రీలు కూడా పొలం నుంచే తెస్తారు. వాళ్ల దగ్గర కట్టకు రెండు రూపాయలు తగ్గించమని బేరమాడే చేతులే ఇక్కడ టిప్పు పెడతాయి.

ఇంకో దారి లేదా? ఉంది. రాంచీలో అరుణా తిర్కీ అనే ఉరావ్ మహిళ ‘అజమ్ ఎంబా’ నడుపుతున్నారు. అక్కడ ఆదివాసీ తిండి గురించి ఆదివాసీ స్త్రీయే మాట్లాడుతుంది, డబ్బూ ఆమె చేతికే వస్తుంది. మన జహీరాబాద్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో అత్యధికులు దళిత స్త్రీలు. బీడు చెలకలను సాగులోకి తెచ్చారు, జొన్న, కొర్ర, సామ విత్తనాలను ఇళ్లలో దాచారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. అదే ఊళ్లో ‘కెఫె ఎథ్నిక్’ అనే చిరుధాన్యాల హోటల్ కూడా నడిచింది. ఈ రెండు చోట్లా రుచి కంటే ముందు మారింది యాజమాన్యం. అలంకరణకూ ఆత్మగౌరవానికీ తేడా అక్కడే ఉంది.

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనకు ఈ చర్చ దూరపుది కాదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ పండగ చేసుకున్న విద్యార్థుల మీద దాడి జరిగింది. 2023లో ఐఐటీ బొంబాయి మెస్‌లో శాకాహార బల్లలను వ్యతిరేకించిన విద్యార్థికి పదివేల జరిమానా వేశారు. మన తిండిలో చోడి అంబలి షోకేసుకు ఎక్కుతుంది, ఎండు తునకలు ఎక్కవు. ఏది ‘మూలాల రుచి’, ఏది ‘వాసన’ అని తేల్చే అధికారం ఇంకా పాత చేతుల్లోనే ఉంది. షాహూ పాటోళే మరాఠ్వాడా దళిత వంటల మీద పుస్తకం రాసింది ఈ అధికారాన్ని ప్రశ్నించడానికే. తెలుగులో మాల మాదిగ వాడల వంటల మీద, ఉత్తరాంధ్ర నుంచి వలసపోయిన కార్మికుల తిండి మీద ఎన్ని పరిశోధనలు రావలసి ఉన్నాయో ఆలోచించండి. పిన్ని తరం వెళ్లిపోతే ఆ ఆధారాలూ పోతాయి.

1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చెరువు నీళ్లు తాగింది దాహం కోసం కాదు, సమానత్వం కోసం. ఆ పోరాటపు అడుగుజాడ రాజ్యాంగం 15వ అధికరణంలో ఉంది: హోటల్లోకి వెళ్లకుండా కులం పేరుతో ఎవరినీ ఆపకూడదు. తలుపు తెరుచుకుంది. ఇక అడగాల్సింది భూమిలో, ధరలో, పేరులో వాటా. ఇలాంటి హోటళ్లకు వెళ్లొద్దని నేననను. వెళ్లినప్పుడు కూలి ఎంతో అడుగుదాం, వండినవాళ్ల పేరు అడుగుదాం, భూమి ఎవరిదో అడుగుదాం. జవాబు చెప్పగలిగిన చోటే ఆ బోర్డు నిజం.

జై భీమ్.