గోడ మీది మాట ఎవరికోసం?

మన వికారాబాద్ జిల్లాలో ఏ డిగ్రీ కాలేజీకి వెళ్లినా ప్రిన్సిపాల్ గది దగ్గర దాదాపు ఒకే రకం బోర్డు కనిపిస్తుంది. పైన విజన్, కింద మిషన్. నాణ్యమైన విద్య, సమగ్ర వికాసం, విలువలు, సమాజ సేవ, అంతర్జాతీయ ప్రమాణాలు, అన్నీ ఇంగ్లీషులోనే. కాలేజీ పేరు చెరిపేసి పక్క జిల్లా కాలేజీ పేరు రాసినా ఎవరికీ తేడా తెలియదు. పరిగిలో ఉన్న కాలేజీ తన ఉద్దేశం చెప్పుకునేటప్పుడు ఆ మాటల్లో పరిగి ఎందుకు లేదు?

ఈ బోర్డులకు ఒక కారణం ఉంది. కాలేజీలకు గ్రేడులు ఇచ్చేందుకు యూజీసీ 1994లో బెంగళూరు కేంద్రంగా నెలకొల్పిన న్యాక్ ఇన్నాళ్లూ ఏడు ప్రమాణాల మీద కాలేజీలను అంచనా వేస్తూ వచ్చింది. ఆరోది పాలన, నాయకత్వం. సంస్థ లక్ష్యమేమిటి, పాలన దానికి తగ్గట్టు నడుస్తోందా అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఇంజనీరింగ్ కాలేజీల కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ కూడా ఇదే అడుగుతుంది. ప్రశ్న మంచిదే. ప్రతి సంస్థా తనకు తాను వేసుకోవలసిందే. అయితే జవాబు రాసేవాళ్ల ఎదుట అంచనా వేసే పెద్దలు ఉంటున్నారు గానీ, మూడేళ్లు అక్కడే చదవబోయే పిల్లలు లేరు. చదివేది ఎవరో చూసుకునే ఎవరైనా రాస్తారు. గ్రేడు కోసం రాసిన మాట గ్రేడు వచ్చిన రోజుతో పని తీరి గోడ మీద మిగిలిపోతుంది.

2016 నుంచి డిగ్రీ సీట్లు దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశ విధానం ద్వారా నిండుతున్నాయి. తండా నుంచి వచ్చిన అమ్మాయి ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు చూసుకునేది కాలేజీ పేరు, కోర్సు, మీడియం, ఇంటి నుంచి ఎంత దూరం, తిరుగు బస్సు ఎన్నింటికి అన్నవే. ఆ కాలేజీ దేనికోసం ఉందో ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ఈ విషయంలో కార్పొరేట్ ఇంటర్ కాలేజీలు చాలా స్పష్టంగా ఉన్నాయి. హోర్డింగు నిండా పిల్లల ఫొటోలు, పక్కన ర్యాంకులు. వాళ్ల ఉద్దేశం అదే, దాన్ని చదువురాని తండ్రి కూడా చూసి గ్రహిస్తాడు, పొలం అమ్మి ఫీజు కడతాడు. ఆ ఉద్దేశం చిన్నదని మా అభిప్రాయం. కానీ అంతకన్నా పెద్ద ఉద్దేశం ఉన్న ప్రభుత్వ కాలేజీ దాన్ని జనానికి అర్థమయ్యేలా చెప్పకపోతే, ఆ తండ్రి హోర్డింగు వైపే నడుస్తాడు. తప్పు ఆయనది కాదు.

వందేళ్ల కిందట ఈ నేల మీదే సంస్థలు తమ ఉద్దేశాన్ని మరోలా చెప్పుకున్నాయి. 1917లో ఏడో నిజాం ఫర్మానా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఎందుకో సూటిగా చెప్పింది. పాత విద్యలూ కొత్త విద్యలూ పొందికగా కలవాలి, అప్పటి చదువులో ఉన్న లోపాలు పోవాలి, బోధన ఉర్దూలో సాగాలి, ఇంగ్లీషు తప్పనిసరిగా నేర్పాలి. అన్నంత పనీ చేశారు. ఉర్దూలో పాఠ్యపుస్తకాలు లేవు గనక దారుల్ తర్జుమా పేరుతో అనువాద సంస్థ పెట్టి గణితం, వైద్యం, చరిత్ర, న్యాయం అన్నీ ఉర్దూలోకి తెచ్చుకున్నారు. చెప్పిన మాటకు ఇంత పని జోడించిన విశ్వవిద్యాలయాలు దేశంలో అరుదు. అందుకు ఉస్మానియాకు నమస్కరించాలి.

అయితే ఆ రాష్ట్రంలో సగానికి దగ్గరగా ఉన్నది తెలుగువాళ్లు. అప్పట్లో పరిగి మహబూబ్‌నగర్ జిల్లాలో, తాండూరు, కొడంగల్ గుల్బర్గా జిల్లాలో ఉండేవి. ఇక్కడి ఇళ్లలో వినిపించేవి తెలుగు, కన్నడం, లంబాడీ. ఉర్దూ ఇళ్లూ ఉన్నా అవి కొన్నే. దేశభాషలో ఉన్నత విద్య అన్న గొప్ప సంకల్పం ఈ పిల్లల ఇంటి గడప దాకా రాలేదు.

1921 నవంబరులో హైదరాబాద్‌లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహారాష్ట్రకు చెందిన ధోండో కేశవ కర్వే. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోల చేసి అడ్డుకున్నారు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘం స్థాపించారు. దాని ఆశయాలను ఇవాళ్టి కాలేజీ అధ్యాపకులు ఒకసారి చదవాలి. గ్రంథాలయాలు, పఠన మందిరాలు, పాఠశాలలు పెట్టాలి. విద్యార్థులకు సాయపడాలి. తాళపత్రాలు, శాసనాలు సేకరించాలి. కరపత్రాలు, ఉపన్యాసాలతో విజ్ఞానం పంచాలి. ఇవన్నీ చెయ్యదగ్గ పనులు. ఏడాది తిరిగాక ఏ సభ్యుడైనా లేచి, మనం ఎన్ని గ్రంథాలయాలు పెట్టాం అని అడగవచ్చు. ఆ సంఘం సత్తువంతా అక్కడే ఉంది.

ఆ సంఘానికి ప్రాణం పోసిన మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాద్‌లో ఆంధ్ర బాలికల పాఠశాల మొదలుపెట్టారు. తెలుగు ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడమే దాని ఉద్దేశం. బోధన ఉర్దూలో లేదు గనక ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. గుర్తింపు కావాలంటే భాష మార్చుకుంటే సరిపోయేది. మాడపాటి మార్చలేదు. కర్వే 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించి, అక్కడి పరీక్షలకు పిల్లల్ని పంపించారు. ఏ సభలో తెలుగు మాటను అణగదొక్కారో ఆ సభకు అధ్యక్షత వహించిన మనిషి విశ్వవిద్యాలయమే తెలుగు పిల్లలకు ఆసరా అయింది. ఉద్దేశం ముందు, గుర్తింపు తరవాత అన్న వరసను ఆ పాఠశాల నిలబెట్టింది. ఈ రోజు మన కాలేజీల్లో ఆ వరస తిరగబడింది.

అంత దూరం వెళ్లనక్కర్లేదు. మన పక్కనే జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువగా దళిత రైతులు, ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెడతారు. ఎడ్లబండ్ల మీద జొన్న, సజ్జ, కొర్ర, సామ విత్తనాలు పెట్టుకుని నెల పాటు ఊరూరా తిరుగుతారు. మెట్ట నేల, ఇంటి విత్తనం, ఆడమనిషి చేతిలో సేద్యం, వాళ్ల ఉద్దేశం బండి మీదే కనిపిస్తుంది. చూసినవాళ్లు ప్రశ్నలు వేస్తారు, తప్పులు పడతారు, విత్తనం అడిగి పట్టుకెళతారు.

పరిగి, తాండూరు, వికారాబాద్ కాలేజీలకు చెప్పుకోవడానికి ఏమీ లేదా? 2011 లెక్కల్లో ఈ జిల్లా అక్షరాస్యత 60 శాతం కూడా దాటలేదు. కాలేజీకి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో డిగ్రీ చదువుతున్న మొదటివాళ్లు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాండూరు నాపరాయి ఎన్నో ఊళ్ల ఇళ్లలో నేల అయింది, ఆ రాయి కోసే యూనిట్లలో కూలీలు దుమ్ము మింగుతున్నారు. అనంతగిరి కొండల్లో మూసీ పుడుతోంది. ఇన్ని ఉండగా మన బోర్డుల మీద అంతర్జాతీయ ప్రమాణాలు తప్ప మరొకటి లేదు.

ఇలా రాసుకోవచ్చు. మా దగ్గర చేరిన ఏ ఆడపిల్లయినా బస్సు లేదనో పెళ్లి కుదిరిందనో చదువు మానేస్తే, వాళ్లింటికి వెళ్లి మాట్లాడతాం. మూడేళ్లు పూర్తయ్యేసరికి ప్రతి విద్యార్థీ ఒక పేజీ తెలుగులో, ఒక పేజీ ఇంగ్లీషులో సొంతంగా రాయగలిగేలా చేస్తాం. మా సైన్సు విద్యార్థులు ఏటా రాళ్ల యూనిట్ల దుమ్ము గురించో, మూసీ నీటి గురించో ఒక నివేదిక రాసి ఊరికి చదివి వినిపిస్తారు. ఖాళీ పోస్టులతో, గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొస్తున్న కాలేజీకి ఇది భారమేనని తెలుసు. చెయ్యగలిగినంతే రాయాలి. ఒక్క వాక్యమైనా చాలు, కానీ ఏడాది చివర తల్లిదండ్రులు నిలదీసి అడగగలిగే వాక్యం కావాలి.

అధ్యాపకులారా, వచ్చే జూన్‌లో మొదటి రోజు ఆ వాక్యాలు తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి, తల్లిదండ్రుల్ని పిలిచి చదివి వినిపించండి. న్యాక్‌కు ఇచ్చే కాగితంలోనూ అవే మాటలు పెట్టండి. మీరు రాసుకున్నవి మాకు పంపితే కాలేజీ పేరుతో సహా ఈ పత్రికలో అచ్చు వేస్తాం. ఏడాది తరవాత ఎంత జరిగిందో కూడా అడుగుతాం, ఆ జవాబూ వేస్తాం.