పట్నంలో మర్యాదగా భోంచేయడం ఎలా?

కోరుట్ల నుండి పట్నం వెళ్ళివచ్చిన వాళ్ళను మా వాడకట్టులో ముందుగా అడిగే ప్రశ్న "చార్మినార్ చూసిండ్రా?" అని కాదు, "యాడ తిన్నరు?" అని. చార్మినార్ ఎక్కడికీ పోదు. తిన్న తిండీ, ఇచ్చిన డబ్బూ మాత్రం మళ్ళీ రావు గదా!

మొన్న దసరా సెలవుల్లో మేము నలుగురం రెండు రోజులకని హైదరాబాదు బయలుదేరాం. నేను, మా ఆవిడ, కాలేజీలో చదివే మా అమ్మాయి, డెబ్బై దాటిన మా అమ్మ. ఎక్స్‌ప్రెస్ బస్సులో కరీంనగర్ వెళ్ళి, అక్కడ మరో ఎక్స్‌ప్రెస్ ఎక్కి జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగాం. 2023 డిసెంబరు 9 నుండి ఆడవాళ్ళకు ఆ బస్సుల్లో టికెట్టు లేదు. కాబట్టి ముగ్గురికి జీరో టికెట్లు, నా ఒక్కడికే డబ్బులు. "మిగిలిన మూడు టికెట్ల పైసలూ మా భోజనాలకే," అని మా ఆవిడ దారిలోనే తీర్పు చెప్పేసింది. అప్పీలుకు అవకాశం లేని తీర్పు.

మా అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ముప్ఫయ్యేళ్ళు బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, పక్కన తంబాకు: నాకు తెలిసిన మా అమ్మ రూపం అదే. ఆమె ఇంతవరకు బల్ల ముందు కూర్చుని, మరొకరు వడ్డిస్తే తిన్న హోటలంటూ లేదు. ఈ ప్రయాణంలో ఆమెను ఒక్కపూటైనా మంచి హోటల్లో కూర్చోబెట్టాలని నా కోరిక. ఆ మాట పైకి చెప్పలేదు. చెబితే రానంటుంది.

మొదటి రాత్రి, దీపాలు బాగున్నాయని ఒక హోటల్లోకి నడిచాను. పేరు అనవసరం. లోపల మసక వెలుతురు, మెత్తటి కుర్చీలు. మేము నోరు తెరవకముందే సర్వరు రెండు నీళ్ళ సీసాల మూతలు తీశాడు. అమ్మ చేతికి ధరల పట్టీ ఇచ్చాను. ఆమెకు అక్షరాలు రావు గాని అంకెలు బాగా వచ్చు. పట్టీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని కుడిపక్క వరుస మాత్రం పైనుండి కిందికి చదివింది. చదివి, బల్లమీద బోర్లా పెట్టేసింది.

"నాకు ఆకలైతలేదు బిడ్డా. మీరు తినుండ్రి."

పొద్దున కరీంనగర్‌లో తిన్న రెండు ఇడ్లీలు తప్ప ఆమె కడుపులో ఏమీ లేదని నాకు తెలుసు. "పర్వాలేదే అమ్మా, తిను," అని బతిమాలాను. ఆమె నా చెవి దగ్గరికి వంగి, "ఒక్క పన్నీరు కూర వెయ్యి బీడీల కూలికన్న ఎక్కువున్నది రా!" అంది. మా అమ్మాయి తలవంచుకుంది. చివరికి ఆమె తిన్నది ఒక రొట్టె, అదీ మా ఆవిడ కూరలో అద్దుకుని. మేము తిన్నదీ ఒంటికి పట్టలేదు.

బిల్లు చూస్తే, తిన్న వాటికి 1,640 రూపాయలు, సర్వీసు ఛార్జీ అని 164, ఆ రెంటి మీదా పన్ను 90. మొత్తం 1,894. నేను నోరు మెదపకుండా ఇచ్చేశాను. బయటికి వచ్చాక మా అమ్మాయి, "నాన్నా, ఆ 164 ఇవ్వక్కర్లేదు," అంది. ఆమె చెప్పింది నిజమే. అడగకుండా బిల్లులో సర్వీసు ఛార్జీ కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలై 4న ఆదేశించింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తీసివేయమని అడగవచ్చు, వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. పన్ను మాత్రం ఇచ్చుకోవలసిందే. 2017 నవంబరు నుండి మామూలు హోటళ్ళలో అది 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్ళ భోజనశాలల్లో 18 శాతం.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను వెతికింది దీపాలను. అమ్మకు కావలసింది ధైర్యం. ఎంత తిన్నా ఇంతే అని ముందే తెలిస్తేనే ఆమెకు ముద్ద దిగుతుంది.

మర్నాడు సుల్తాన్ బజారు వరకు మెట్రో ఎక్కాం. జూబ్లీ బస్ స్టేషన్ నుండి ఈ దారి 2020 ఫిబ్రవరిలో మొదలైంది. అక్కడినుండి ఆబిడ్స్ దగ్గరే. 1948 నుండి వున్న తాజ్‌మహల్ హోటలుకు మధ్యాహ్నం భోజనం వేళకు చేరాం. ఈసారి అమ్మ చేతికి పట్టీ ఇవ్వలేదు. లోపలికి వెళ్ళేముందే, "అమ్మా, ఇక్కడ పళ్ళానికి ఒక్కటే ధర. ఒక ముద్ద తిన్నా అంతే, పది ముద్దలు తిన్నా అంతే," అని చెప్పాను. ఆమె పక్క బల్లలు చూసింది. ముసలివాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ నింపాదిగా తింటున్నారు. కొంగు సర్దుకుని కూర్చుంది.

కాసేపటికి నా చెవిన పడ్డ మాట: "ఇంకింత పప్పెయ్యి బిడ్డా." సర్వరుతో అంటోంది! పప్పు తర్వాత చారు, చారు తర్వాత పెరుగు. నలుగురి బిల్లూ కలిపి కిందటి రాత్రి దానికి చేరలేదు.

సాయంత్రం చార్మినార్ పక్కనే నిమ్రాలో నిలబడి ఇరానీ చాయ్ తాగాం. డికాషన్ వేరుగా, చిక్కగా మరిగిన పాలు వేరుగా వుంచి కప్పులోనే కలుపుతారు. అందుకే ఆ రుచి. చివరి నిజాము ఉస్మాన్ అలీఖాన్ పేరు మీదుగా వచ్చిన ఉస్మానియా బిస్కట్టును అమ్మ చాయ్‌లో ముంచి తింటూ, "తియ్యగ, ఉప్పగ, రెండున్నయి రా," అంది. 2019లో యునెస్కో హైదరాబాదును రుచుల నగరంగా గుర్తించిందని నేను పుస్తకజ్ఞానం ప్రదర్శించబోతే, "ఇంకొక బిస్కట్టు ఇప్పియ్యి," అంది.

నాకు తెలిసివచ్చినవి నాలుగు ముక్కలు చెబుతాను. పెద్ద హోటలు మీద మోజుంటే రాత్రి కాదు, మధ్యాహ్నం వెళ్ళండి. చాలాచోట్ల భోజనం పళ్ళెం అప్పుడే దొరుకుతుంది. ధరలు ఫోనులో చూసినా, బయలుదేరే ముందు ఒకసారి అడిగి రూఢి చేసుకోండి. మామూలు మంచినీళ్ళు అడగడం నామోషీ కాదు. సీసా మూత తీయకముందే చెప్పాలి. ఎంతైనా తినవచ్చుననే బఫే భోజనం కుర్రాళ్ళకు లాభం. పెద్దవాళ్ళు వెంట వుంటే నష్టమే. అన్నిటికంటె ముందు, లోపల ఎవరు తింటున్నారో గుమ్మంలోనుండి ఒక్క చూపు చూడండి. మీ అమ్మ వయసు వాళ్ళు నిమ్మళంగా తింటూ వుంటే సంకోచించకుండా వెళ్ళండి.

తిరుగు ప్రయాణంలో అమ్మ జగిత్యాల దాకా నిద్రపోయింది. లేచి, చీకట్లో కిటికీలోనుండి చూస్తూ అంది:

"ఆ పప్పు పిలగాడు మంచోడు రా. మల్లెప్పుడు పోదాం?"

టికెట్టు లేదు గదా, వచ్చే సంక్రాంతికి అన్నాను.