బ్యాగ్ తిరిగి కొట్టదు

హాస్టల్ మెస్ చార్జీల మీద మొదలుపెట్టిన వ్యాసం రెండో భాగం వచ్చే వారం పెడతా. ఈ లోపు ఒక చెల్లెలికి జవాబు బాకీ ఉన్నా. అది ముందు తీర్చాలి.

నలభై దాటాక షుగర్ వచ్చింది. డాక్టర్ ఒళ్ళు వంచమన్నాడు. ఏడు నెలలుగా హైదరాబాద్‌లో ఒక ఫిట్‌నెస్ బాక్సింగ్ క్లాసుకు పోతున్నా. చేతులకు పట్టీలు చుట్టుకుని మూడు నిమిషాలు బ్యాగ్‌ను గుద్దడం, ఒక నిమిషం ఆగడం. స్పారింగ్ ఉండదు. అంటే ఎదురుగా నిలబడి తిరిగి కొట్టే మనిషి ఉండడు.

ఆ చెల్లెలు లా చదువుతోంది. నాతోపాటే చేరింది. ఆమె జాబ్ చూస్తే ముచ్చటేస్తుంది, కన్ను మూసి తెరిచేలోపు చెయ్యి వెళ్ళి వెనక్కొస్తుంది. క్లాసు గోడ మీద 'ఆత్మరక్షణ' అని పోస్టర్ ఉంది. దాన్ని చూపించి అడిగింది: "అన్నా, ఊరికి పోయినప్పుడు ఎవడైనా మీద చెయ్యేస్తే ఆపగలను కదా?"

అవునని అనలేకపోయా. కాదనీ అనలేకపోయా.

క్లాసులో నేర్పేది అబద్ధం కాదు. గుద్దు బలం భుజంలో లేదు, మడమ దగ్గర పుట్టి నడుం తిరిగితే పిడికిలికి వస్తుంది. కొట్టిన చెయ్యి మళ్ళీ చెంప దగ్గరకు రావాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఇవన్నీ నిజమైన విద్యే. మనకు ఇంకోటి కూడా ఉంది. చిన్నప్పుడు మా వాడలో నాకు నేర్పింది చేతులు కట్టుకుని తల దించుకుని నిలబడటం. మా కోచ్ ఏమంటాడంటే, "గడ్డం దించు, కళ్ళు దించకు." ఆ ఒక్క మాటతో నా ఫీజు గిట్టిపోయింది.

మరి ఏది రాదు? దూరం రాదు, అదను రాదు. బ్యాగ్ ఉన్నచోటే ఉంటుంది. ప్యాడ్లు పట్టుకున్న కోచ్ ఏ గుద్దు వెయ్యాలో ముందే చెప్తాడు. కొట్టేవాడు చెప్పి కొట్టడు. పోయిన నెల కోచ్ మా చేత భుజం తాకే ఆట ఆడించాడు. గుద్దులు లేవు, అరచేత్తో ఎదుటివాడి భుజం తాకాలి, అంతే. ఇరవై ఏళ్ళ కుర్రాడు నన్ను పదకొండుసార్లు తాకాడు. నేను వాణ్ణి రెండుసార్లు తాకా. ఏడు నెలలు నేర్చింది ఒక్కటీ గుర్తుకు రాలేదు. అది దెబ్బ కూడా కాదు, తాకడమే.

అయితే అందరూ రింగులోకి దిగి తలలు పగలగొట్టుకోవాలా? నేనైతే వద్దంటా. బాక్సర్లలో కనిపించే 'పంచ్ డ్రంక్' స్థితి గురించి హారిసన్ మార్ట్‌ల్యాండ్ అనే డాక్టర్ అమెరికా వైద్య పత్రికలో 1928లోనే రాశాడు. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది గానీ లోపల మెదడు కదలకుండా ఆపలేదు. "దమ్ముంటే స్పారింగ్‌కు రా" అని రెచ్చగొట్టేవాళ్ళ మాట వినకండి తమ్ముళ్ళూ. మన పిల్లలకున్న ఆస్తి తలలోనే ఉంది. మధ్యదారి ఉంది. భుజం తాకే ఆట, ఒకరు జాబ్ మాత్రమే వేస్తే ఇంకొకరు కాచుకోవడం, తలను వదిలేసి ఒంటికి మెల్లగా తగిలించడం. కోచ్ పక్కనుండాలి, పళ్ళకు మౌత్‌గార్డ్ ఉండాలి. ఇవి నేర్పని క్లాసు గోడ మీద ఆ పోస్టర్ పీకెయ్యాలి. వ్యాయామం అని రాసుకుంటే తప్పేం లేదు. కానీ లేని ధైర్యాన్ని ఆడపిల్లలకు అమ్మకూడదు.

ఇంకో మాట. స్పారింగ్‌లో నీ బరువుకు దగ్గరి మనిషినే ఎదురు నిలబెడతారు. గంట మోగితే ఆగుతారు. కులం కొట్టేటప్పుడు గంట మోగదు. 1985లో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళను పాడుచేస్తుంటే అడ్డం చెప్పినందుకు మనవాళ్ళ మీద చెయ్యి చేసుకున్నారు. మున్నంగి సువార్త చేతిలో బిందె ఎత్తింది. ఆమెకు గార్డ్ ఎవరూ నేర్పలేదు, ధైర్యమూ తక్కువ కాలేదు. తెల్లారి గుంపుగా వచ్చి ఆరుగురు మాదిగలను చంపారు. దానికి జవాబు ఒక పిడికిలి నుంచి రాలేదు. చీరాల శిబిరంలో కూడిన జనం నుంచి, దళిత మహాసభ నుంచి వచ్చింది. 1989 అట్రాసిటీ చట్టం వెనక ఆ పోరాటం ఉంది.

అందుకని చెల్లెలితో ఇలా అన్నా: "ఒక్కడు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని పరిగెత్తడానికి నీ కాళ్ళు పనికొస్తాయమ్మా. నిలబడి పోట్లాడటానికి ఈ క్లాసు చాలదు. నలుగురొస్తే అసలు నిలబడొద్దు. అరువు, పరిగెత్తు, మాకు ఫోన్ చెయ్యి. ఎఫ్ఐఆర్‌లో అట్రాసిటీ సెక్షన్ పడేదాకా స్టేషన్ దగ్గర నుంచి మేం కదలం."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ భుజం ఆట రోజూ ఆడదాం అన్నా" అంది.

నిన్న నన్ను తొమ్మిదిసార్లు తాకింది. నేను నాలుగు.

జై భీమ్.