గాలిమరలు - గ్రామస్థుల యాక్షేపణలు

కొండలమీద గాలిమరలను నిలుపదలచినపుడెల్ల గ్రామములలో ఆక్షేపణ పుట్టుటయు, ఆ యాక్షేపణను పట్టణవాసులు మూఢత్వమని త్రోసివేయుటయు మన దేశమున పరిపాటియైనది. బొగ్గు కాల్చుటవలని కీడు తెలిసినవారెవ్వరును గాలినుండి విద్యుచ్ఛక్తి పుట్టించుట తప్పని వాదింపరు. ఆషాఢమాసమున ఏ గాలి రాయలసీమ చేలలోని తేమను పీల్చివేసి రైతును దిగులుపెట్టుచున్నదో, ఆ గాలియే యింటింట దీపము వెలిగించుచున్నదనిన సంతోషింపనివారుండరు. కాని గాలి యెల్లరిదైనను, మర నిలుచు కొండ కొందఱికి జీవనాధారము. ఆ కొందఱి మాట ఎప్పుడు వినవలెను, ఎవరు వినవలెను అనునదియే అసలు ప్రశ్న.

ఇందుకు కల్పవల్లి చక్కని దృష్టాంతము. నాటి అనంతపురము జిల్లాలో, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన చెన్నేకొత్తపల్లి మండలమున ముష్టికోవెల మొదలగు గ్రామముల నానుకొని కొండలు గలవు. రెవిన్యూ లెక్కలలో అవి బంజరు భూములు. 1990 తరువాత టింబక్టు కలెక్టివ్ అను సంస్థ తోడ్పాటుతో గ్రామస్థులు ఆ కొండలను కాపాడ మొదలిడిరి. వేసవిలో కార్చిచ్చు రాకుండ కాచిరి. చెట్టు నఱకరాదని కట్టుబాటు చేసికొనిరి. క్రమముగా సుమారు 7 వేల ఎకరములలో పచ్చదనము తిరిగివచ్చెను. బోదగడ్డి ఇండ్లకప్పులకును, ఈతాకు బుట్టలకును చీపుళ్లకును అక్కఱకు వచ్చెను. గొఱ్ఱెల మందలకు మేత దొరకెను. వాగుల నీరు దిగువ చెఱువులకు చేరసాగెను. లెక్కలలో బంజరు; వాడుకలో కల్పవల్లి.

2010వ సంవత్సర ప్రాంతమున ఆ కొండలలో గాలిమరలు వెలసెను. మర నిలుచు చోటు చిన్నదే. కాని దాని ఱెక్కలను మోయు పొడవైన బండ్లకు వెడల్పైన బాట కావలెను. ఆ బాటకై కొండవాలును కోయవలెను. కోసిన మన్ను వాలులపై జారి వాగులను పూడ్చుచున్నదనియు, మేత నశించుచున్నదనియు గ్రామస్థులు మొఱపెట్టిరి. 2013లో ఆ వివాదము చెన్నైలోని జాతీయ హరిత న్యాయాధికరణము నెదుటికి వచ్చెను. కాని అప్పటికే బాటలు పడెను. కోసిన కొండను ఏ తీర్పును తిరిగి అతుకజాలదు గదా!

ఇట్లేల జరిగెనని విచారించినచో, లోపము ఏ యొక్క కంపెనీదియు కాదు, పద్ధతిలోనే యున్నది. పర్యావరణ ప్రభావమును ముందుగా పరీక్షింపవలెనను 2006 నాటి కేంద్ర ప్రకటన పట్టికలో గాలిమరలు చేరలేదు. ఆ పట్టికలో లేని పనికి ప్రజావిచారణయు లేదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వీనిని కాలుష్యము లేని శ్వేతవర్గమున చేర్చెను. పొగ లేదు గావున అది న్యాయమే. కాని పొగ లేనంతమాత్రమున నష్టము లేదనుట చెల్లదు. ఆ సంవత్సరమే వెలువడిన మార్గదర్శకములు ఇండ్లకు 500 మీటర్ల దూరము పాటింపవలెనని విధించెను. ఇల్లు కలవానికి ఆ 500 మీటర్లు రక్షణయే. మంద కలవాని కొండకు అట్టి కొలత యేదియు లేదు.

భూస్వాములైన మా పాఠకులు ఈ భేదమును గుర్తింపవలెను. పట్టా భూమిలో మర నిలిపినచో యజమానికి గుత్తయో క్రయధనమో ముట్టును. అతడు బేరమాడగలడు, కాదనగలడు. సర్కారు బంజరులో నిలిపినచో దానిపై బ్రదుకు గొల్లకును కురుబకును అడుగుటకైన కాగితము లేదు. 2013 నాటి భూసేకరణ చట్టము సామాజిక ప్రభావ విచారణను కోరును గాని, ప్రభుత్వము తన భూమిని తానే యిచ్చినపుడు అది సేకరణ కానేరదు. ఇట్లు ఎవని నష్టము ఎక్కువయో వాని మాటయే లెక్కకు రాకున్నది.

ఆక్షేపణలన్నియు సమానములని మే మనుట లేదు. గాలిమరలు మేఘములను చెదరగొట్టి వానలను తఱుముచున్నవను మాట కఱవు సీమలలో వినవచ్చుచున్నది. ఇది నిలువదు. మర ఱెక్క కొన నేలనుండి 200 మీటర్ల చుట్టుపట్ల ఎత్తునకు పోవును. మైదానములమీద వానమబ్బులు సాధారణముగా అంతకు చాల పైన నుండును. పడమటి కనుమల చాటున నుండుటచే అనంతపురమున సాలీనా వర్షపాతము 550 మిల్లీమీటర్ల చుట్టుపట్లనే యుండును. ఏ మరయు లేని 1876-78 నాటి ధాత కఱవును ఆ సీమ మఱువలేదు. తన పొలమునకు గుత్త రాలేదను కోపముచే కొండపై ప్రేమ నటించువారును లేకపోలేదు. కాని పొల్లు కలదని గింజను పాఱబోయు రైతు ఉండునా? పొల్లును చెఱగుటకే చేట యున్నది. బహిరంగ విచారణయే యా చేట. అది లేనిచో పుకారు పెరుగును. నిజమైన మొఱ పుకారుతో కలసి కొట్టుకొనిపోవును.

విచారణవలన జాప్యమగునని కొందఱందురు. ఆలస్యముగా వినుటవలన జరుగు నష్టము నార్వేలో కానవచ్చినది. అచ్చటి ఫోసెన్ ప్రాంతమున సామీ జాతివారు ఱెయిన్‌డీర్ అను దుప్పిజాతి మందలను మేపుకొని బ్రదుకుదురు. వారి శీతకాలపు మేత భూములలో 151 గాలిమరలు నిలిపిన పిదప, ఆ యనుమతులు వారి హక్కులకు విరుద్ధములని 2021 అక్టోబరు 11న దేశ సర్వోన్నత న్యాయస్థానము ఏకగ్రీవముగ తీర్పు చెప్పెను. మరలు ఆగలేదు. 2023లో రాజధానియందు ఆందోళన రేగెను; 2023, 2024 సంవత్సరములలో గాని ఒడంబడికలు కుదురలేదు. ముందుగ వినుటకు పట్టు కాలము ఇంతకంటె ఎక్కువగునా? డెన్మార్కు దేశమువారు మఱియొక త్రోవ త్రొక్కిరి. క్రొత్త మరల వాటాలలో నూటికి 20 చుట్టుపట్ల వారికి అమ్మజూపవలెనని 2008లో చట్టము చేసిరి. ఆ నియమము 2020లో వేఱొక చెల్లింపు పద్ధతికి చోటిచ్చినను, మర క్రింద బ్రదుకువానికి మరలో భాగముండవలెనను న్యాయము చెడలేదు.

కావున ప్రభుత్వమువారిని కోరునది మూడే మాటలు. బంజరని వ్రాసిన భూమిని ఇచ్చుటకు ముందు అచ్చట ఏ మంద మేయుచున్నదో, ఏ వాగు పుట్టుచున్నదో గ్రామసభలో విచారించి వ్రాయవలెను. బాట ఎచ్చట కోయవలెనో, మన్ను ఎచ్చట పోయవలెనో ముందే నిర్ణయించి, తప్పినచో బాగుచేయుటకు కంపెనీచే ధరావతు కట్టింపవలెను. మర తిరిగినన్నాళ్లు ఆదాయములో కొంత భాగము పంచాయతీకిని, మేత పోగొట్టుకొన్నవారికిని చెందవలెను.

పట్టణవాసి మీట నొక్కినపుడు వెలుగు దీపమునకు వెల కట్టుచున్నాడు. ఆ వెలలో కొండవాలు పోగొట్టుకొన్నవాని పాలు లేదు. ఆ పాలు చెల్లించుట గాలిమరలకు విరోధము కాదు. అవి పది కాలములు నిలుచుటకు ఆధారము. గ్రామస్థుని అంగీకారముతో నిలిచిన మరకు కావలివాడు అక్కఱలేదు. బాటకు తొలి గడ్డపార పడకముందే గ్రామసభ కూడునట్లు శాసనకర్తలు నియమము చేయుదురని ఆశించుచున్నాము.